నాలుగడుగుల అడ్డం

మా అంకీసల పొద్దు
ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్‌ల పొడుస్తది,
గోదారి దాటి తెలంగాణల కుంకుతది.
నడుమ ఉన్న పగలంతా మహారాష్ట్రది.
ఆ పగలు ఇంకా మొదలు కాకముందే,
గాలి లేవకముందే,
నేను డ్రోన్ లేపాలె.

పది లీటర్ల డబ్బా. ఆరు రెక్కలు.
బ్యాటరీలు నాలుగు జతలు, టెంపోల జనరేటరు.
ఎకరానికి ఏడు నిమిషాలు, నాలుగొందలు.
అందుల బచత్ గట్టుకు కొంత, డీజిలుకు కొంత.
నాకు మిగిలేది
ఒకప్పుడు దినమంతా కలుపు తీస్తే వచ్చినంత.

చంద్రపూర్‌ల పదిహేను రోజులు నేర్పిన్రు.
"చేతులు వణకొద్దు మేడమ్" అన్నడు సారు.
పదకొండేండ్లు కొడవలి పట్టిన చేతులు సారూ,
పాము పక్కన గరక పీకిన చేతులు.
వణకయి.

ఇయ్యాల లచ్చబాపు పత్తిచేను, మూడెకరాలు.
ముందుగాల చుట్టూ నడిచి తెర మీద హద్దులు పెట్టాలె.
తూర్పు గెట్టు, ఒక చుక్క.
బావి, ఒక చుక్క.
కరెంటు స్తంభం కాడ ఆగితే
తెర మరాఠీల అడుగుతది: అడథళా?
అడ్డమా?
అవునంటే ఎర్ర గుండ్రం గీస్తది.
ఇగ డ్రోన్ అటు పోదు,
బాకీ ఉన్న దుకాణం ముందల నడిచినట్టు
పక్కకు తిరిగిపోతది.

మనిషిని పెట్టే గుర్తు అందుల లేదు.

ఉంటే బానక్కను పెడుదును.
పోయినేడు ఇదే చేన్ల
పన్నెండు మందిమి వరుసలు పట్టినం.
ముందు సాలు బానక్కది.
వంగిన నడుముతోనే తిట్టేది, నవ్వించేది,
ఎవలకు నెల తప్పిందో సాలు మధ్యలనే పసిగట్టేది.
పాయిలకూర కనబడితే కుప్పల వెయ్యనియ్యకపోయేది.
"ఇది కలుపు కాదే, రేపటి కూర"
అని కొంగుల కట్టేది.
గునుగును పూత రాకముందే పీకితే
చేతి మీద ఒక్కటిచ్చేది.

గడ్డిమందుకు పేర్లు తెల్వయి.
వెడల్పాకా, సన్నాకా,
అంతే అడుగుతది.

నిన్న రాత్రి బానక్క ఇంటికి పోయిన.
కోపం చేస్తదనుకున్న.
"ఎంత ఎత్తుల పోతదే అది?"
"తొమ్మిది అడుగులు."
"అగో, నా నడుము ఎన్నడన్న అంత ఎత్తు లేచిందా"
అని నవ్వి నాకే చాయ పోసింది.
మల్ల నవ్వలే.
"గోదారి అవతల నాట్లకు పిలుస్తున్రట,
ఆటో వస్తదట" అన్నది,
నా దిక్కు చూడకుంట.

పడమటి గెట్టు మూలకు వచ్చేసరికి
కాళ్లు ఆగినయి.
రాయి తేలిన నేల, పత్తిచెట్టు ఒక్కటి లేదు.
పాయిల, తుమ్మి, మోకాలెత్తు గునుగు.
మొత్తం కలిపి నాలుగడుగుల జాగ.

వేలు తెర మీద పెట్టిన.
అడథళా?
అవును.
ఏం అడ్డమని ఇంకో పెట్టె తెరిచింది:
చెట్టు, స్తంభం, ఇల్లు, ఇతర.
'ఇతర' నొక్కిన.

లేచింది.
చేనంతా ఒక్కసారే ముసురుకున్న జోరీగల చప్పుడు,
వెనుక సన్నటి తెల్ల పొగ లెక్క మందు.
వరుస తప్పలే, సాలు తప్పలే.
అలుపు లేదు, పాట లేదు, మంచినీళ్లకు ఆగుడు లేదు.
ఆ మూలకు వచ్చి, గాల్లనే ఒకసారి ఊగి,
పక్క నుంచి తిరిగింది.

లచ్చబాపు గెట్టు మీద నిలబడి
కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.
"ఆడ ఏమున్నదమ్మా, చెట్టు లేదు చేమ లేదు?"
"సాటిలైటుకు కనబడుతున్నది బాపూ" అన్న.
నమ్మిండో లేదో,
పైసలు మాత్రం లెక్కవెట్టే ఇచ్చిండు.

అప్పుడే గాలి లేచింది.
అది తెర మాట వినదు.
ఎర్ర గుండ్రం లోపలికి ఎంత పోయిందో
నాలుగు రోజులైతే గని తెల్వదు,
ఆకు అంచు పసుపెక్కితే.

డబ్బా మూడుసార్లు కడిగిన.
చేతులు వాసన చూసుకున్న.
ఇంకా రెండు చేన్లున్నయి.